రెండు చందాలు

నేను పీజీ చదివే రోజుల్లో మా హాస్టల్ మెస్‌లో అన్నం వార్చే పని ఒక పెద్దాయనది. రెండు వందల మందికి సరిపడే గుండిగ అది. ఇద్దరు మనుషులు చెరో పక్క మసిగుడ్డలు పట్టుకుని వంచాలి. ఆ రోజు రెండో మనిషి రాలేదు. పన్నెండున్నరకు గంట కొట్టేసరికి మేమంతా పళ్లేలు పట్టుకుని వరుస కడతామని ఆయనకు తెలుసు. ఒక్కడే గుండిగ వంచబోయాడు. పట్టు జారింది. మరిగే గంజి మోకాలి కింద నుంచి పాదం దాకా పడింది. మా గదివాళ్లే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లారు. రాత్రి భోజనాల దగ్గర ఒక స్టీలు పళ్లెం బల్ల నుంచి బల్లకు తిరిగింది. పది రూపాయలు వేసినవాళ్లున్నారు, యాభై వేసినవాళ్లున్నారు. చందా పోగైంది. ఆయన ఇంటికి పంపించాం.

ఆరు వారాల తరవాత ఆయన కుంటుకుంటూ పనిలోకి వచ్చాడు. వచ్చిన మొదటి పూట ప్రతి బల్ల దగ్గరా ఆగి, చేతులు జోడించి, "మీ రుణం తీర్చుకోలేనయ్యా" అన్నాడు. పాతికేళ్లు నిండని పిల్లలకు, తండ్రి వయసున్న మనిషి నమస్కారాలు పెట్టాడు. ఆ ఆరు వారాలకు ఆయనకు జీతం ఇవ్వలేదని మాకు తరవాత తెలిసింది. వార్డెన్‌ను అడిగితే ఆయన మెస్ కమిటీ మనిషి అన్నారు. కమిటీ వాళ్లు హాస్టల్ మనిషి అన్నారు. పరిపాలనా భవనంలో అయితే అసలు అలాంటి పేరు తమ రిజిస్టర్‌లోనే లేదన్నారు. నిజానికి ఆయన జీతం మా మెస్ బిల్లులోంచే వచ్చేది. నెలనెలా బిల్లు కింద "ఎస్టాబ్లిష్‌మెంట్ చార్జీలు" అని ఒక వరుస ఉండేది. దాన్ని మేమంతా పంచుకుని కట్టేవాళ్లం. ఎవరి ఉద్యోగో ఎవరూ చెప్పలేని మనిషి మాకు రోజూ అన్నం పెట్టాడు.

చట్టాలు చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసిందేమిటంటే, ఆయన ఎవరికీ రుణపడలేదు. కార్మికుల బీమా పథకం ఈఎస్ఐలో పేరున్న కార్మికుడికి పనిలో గాయమైతే వైద్యం ఉచితం. పనికి రాలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం చేతికొస్తుంది. పనిలో గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. ఆయనకు లేనిదల్లా ఆ జాబితాలో పేరు. పేరు ఎందుకు ఎక్కించలేదని ఆఫీసుకు వెళ్లి అడిగే మనిషి కూడా లేడు.

తెలుగులో సంఘానికి కట్టే రుసుమునూ చందా అనే అంటాం. కష్టమొచ్చాక నలుగురూ జాలిపడి వేసేది ఒక చందా. కష్టం రాకముందే నలుగురూ కలిసి తమ కోసం తాము కట్టుకునేది ఇంకొకటి. మొదటిదాని చివర మనిషి చేతులు జోడించాలి. రెండోదానికి రసీదు ఇస్తారు. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే బోధనేతర సిబ్బందికి యూనియన్ సభ్యత్వం వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే, నాకు ముందుగా ఆ స్టీలు పళ్లెమే గుర్తొస్తుంది.

ఈ సిబ్బంది అంటే ఎవరో ఒకసారి చూద్దాం. పొద్దున ఆరింటికి లేడీస్ హాస్టల్ ఊడ్చే ఆమె, కెమిస్ట్రీ ల్యాబ్‌లో పరీక్షనాళికలు కడిగి ఆసిడ్ సీసాలు సర్దే అటెండర్, లైబ్రరీలో పుస్తకాల దుమ్ము దులిపే మనిషి, రాత్రంతా గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్, పరీక్షల విభాగంలో మార్కుల జాబితాలు కంప్యూటర్‌లో ఎక్కించే కుర్రాడు, మొక్కలకు నీళ్లు పెట్టే మాలి, పంపు వేసే మనిషి, బస్సు డ్రైవర్. ఒకే పని చేసేవాళ్లకైనా ఉద్యోగం పేర్లు మాత్రం అనేకం. పర్మినెంట్, టైమ్ స్కేల్, ఎన్ఎంఆర్ (మస్టర్ రోల్ మీద దినవేతనం), కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్. ఒకే గదిలో పక్కపక్క బల్లల దగ్గర ఒకే ఫైలు చూసే ఇద్దరిలో ఒకరికి పింఛను ఉంటుంది, ఇంకొకరికి వచ్చే నెల జీతం ఏ తారీకున పడుతుందో తెలియదు. రిటైరైన పర్మినెంట్ మనిషి స్థానంలో పర్మినెంట్ మనిషిని తీసుకోవడం మన విశ్వవిద్యాలయాల్లో ఎప్పుడో అరుదైపోయింది. ఆ కుర్చీలోకి ఏజెన్సీ మనిషి వస్తాడు. ఈ సంగతికి మళ్లీ వస్తాను, ఈ వ్యాసమంతా దాని కోసమే.

ముందు డబ్బు లెక్క చూద్దాం. తెలంగాణలో 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి మూడు అంతస్తుల వేతనం పెట్టింది: 15,600, 19,500, 22,750. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి జీవో 7 ప్రకారం అవి 15,000, 18,500, 21,500. కింది మెట్టు మీదున్న మనిషి జీతం 15,600 అనుకుందాం. అందులోంచి పీఎఫ్‌కు 1,800, ఈఎస్ఐకి 117 రూపాయలు కోస్తారు. యజమాని తన వాటాగా పీఎఫ్, పెన్షన్ ఖాతాల్లో ఇంకో 1,800, ఈఎస్ఐకి 507 కట్టాలి. అంటే పీఎఫ్, పెన్షన్ల కింద ఆ మనిషి పేరు మీద నెలకు 3,600, ఏడాదికి 43,200 జమ కావాలి. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే పీఎఫ్‌తో ముడిపడిన బీమా కింద కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. ఈ బీమాకు ఉద్యోగి పైసా కట్టక్కర్లేదు. యజమానే కడతాడు. మనం మాట్లాడుతున్నది కొత్త కోరికల గురించి కాదని గమనించాలి. చట్టం ఇప్పటికే ఇవ్వమన్న డబ్బు ఇది. ఇది నిజంగా జమ అవుతోందా అని నెలనెలా చూసేవాళ్లు కావాలి. నెలకు యాభై రూపాయల చందా అనుకుంటే ఏడాదికి 600. 43,200కు కాపలా కాయడానికి 600 ఎక్కువేం కాదు.

కాపలా అంటే ఏమిటో దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఈ మధ్య ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు హాస్టల్లో పద్నాలుగేళ్లుగా ఊడ్చే పని చేస్తున్న ఒకామెను కలిశాను. ఆ పద్నాలుగేళ్లలో టెండర్లు మారి నాలుగు ఏజెన్సీలు వచ్చాయి. చీపురు మారలేదు, వరండా మారలేదు, కట్టుకునే యూనిఫాం చీర రంగు మాత్రం ఏజెన్సీని బట్టి మారింది. ఆమె చేతిలో ఒక పాలిథిన్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. మొదటి ఏజెన్సీ తీసిన పీఎఫ్ ఖాతా వేరు, రెండోది తీసినది వేరు. ఆధార్‌లో ఆమె పేరు చివర "అమ్మ" ఉంది, పీఎఫ్ రికార్డులో లేదు. పుట్టిన తేదీ ఒకదాంట్లో జనవరి ఒకటి, ఇంకోదాంట్లో జూలై ఒకటి. పాత ఏజెన్సీ ఆమె పని మానేసిన తేదీ ఎక్కించకుండానే ఊరు విడిచి వెళ్లిపోయింది. కూతురి పెళ్లికని డబ్బు తీసుకోబోతే ప్రతిసారీ దరఖాస్తు తిరిగొచ్చింది. ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక్కో దరఖాస్తుకు రెండొందలు తీసుకున్నారు. మూడుసార్లు కట్టి ఊరుకుంది.

ఆమె కాగితాలు ముందేసుకుని కూర్చున్నది పర్మినెంట్ ఉద్యోగి, రికార్డ్ అసిస్టెంట్. ఉద్యోగ సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. సాయంత్రం ఐదు దాటాక, ఆఫీసు వెనక వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద ఆయన ఏం చేశాడో వరసగా చెబుతాను, ఎందుకంటే సంఘం పనంటే ఇదే. ఖాతాల నంబర్లు వేరువేరుగా రాసుకున్నాడు. పేరూ తేదీ సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ ఫారం నింపాడు. దాని మీద యజమాని సంతకం కావాలి. ఇప్పటి ఏజెన్సీ సూపర్‌వైజర్ ఆమె ఒక్కతే వెళ్లినప్పుడు "రేపు రా" అన్నాడట, పదకొండు రేపులు. మర్నాడు ఈయనా, ఇంకో ఇద్దరూ కలిసి ఆమెతో వెళ్లారు. పావుగంటలో సంతకం అయింది. ఊరు విడిచిన ఏజెన్సీ సంగతికి, ఆ కాంట్రాక్టు ఇచ్చింది విశ్వవిద్యాలయమే గనక రిజిస్ట్రార్ ద్వారా పీఎఫ్ కార్యాలయానికి ఒక లేఖ పెట్టించారు. మొదటి ఖాతా కలిసింది. రెండోది నేను రాసే నాటికి ఇంకా కలవలేదు.

అక్కడ గొంతు పెంచిన వాళ్లెవరూ లేరు. జెండా లేదు, నినాదం లేదు. ఒంటరిగా వెళ్తే పదకొండు రేపులు, నలుగురు వెళ్తే పావుగంట. యూనియన్ అనగానే మనకు టెంటూ, సమ్మే కళ్లముందు కదులుతాయి. పత్రికల్లో పడేది అదే గనక అలా అలవాటైపోయాం. నా లెక్కలో సమ్మె సంఘం పనుల్లో అరుదైనది. ఏడాదిలో ఎక్కువ రోజులు జరిగేది కాగితం చదివిపెట్టడం, పక్కన నడవడం, ఫలానా జీవోలో ఫలానా పేరాలో ఇలా ఉందని చూపించడం. విశ్వవిద్యాలయం లోపల చదువు వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నా, తన కాగితం తనకు అర్థమయ్యేలా చదివి చెప్పేవాళ్లు దొరకని మనుషులు కూడా అదే గేటు లోపల ఉన్నారు.

ఈ సిబ్బంది పనిని చిన్నచూపు చూడటం కొత్తేం కాదు, అత్యున్నత స్థాయిలోనూ జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఒకప్పుడు అమ్మాయిలను కాలేజీకి తీసుకురావడానికి బస్సులు నడిపేది. నష్టం వస్తోందని వాటిని ఆపేసి డ్రైవర్లను తీసేశారు. పరిహారం కోసం వాళ్లు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1963లో రామ్‌నాథ్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో కోర్టు ఏమన్నదంటే, విశ్వవిద్యాలయం అసలు పని చదువు చెప్పడం, అది చేసేది అధ్యాపకులు, వాళ్లు కార్మికులు కారు, మిగతా కింది సిబ్బంది పాత్ర స్వల్పం, కాబట్టి విశ్వవిద్యాలయం పరిశ్రమ కిందికి రాదు అని. స్వల్పం అన్న ఆ ఒక్క భావనతో దేశంలోని విశ్వవిద్యాలయాల డ్రైవర్లు, అటెండర్లు, గుమాస్తాలు అందరూ పారిశ్రామిక వివాదాల చట్టం బయట నిలబడ్డారు. పదిహేనేళ్లు అలాగే గడిచింది. 1978 ఫిబ్రవరిలో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తిరగరాసింది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ఆ తీర్పుతో విశ్వవిద్యాలయం కూడా పరిశ్రమే అయింది. పాఠం చెప్పే మనిషి కార్మికుడు కానంతమాత్రాన బస్సు నడిపే మనిషి కార్మికుడు కాకుండా పోడని తేల్చింది. 1982లో పార్లమెంటు విద్యాసంస్థలను మినహాయిస్తూ సవరణ చేసింది గానీ ఆ భాగాన్ని ఎన్నడూ అమల్లోకి తేలేదు. అంటే ఈ హక్కు ఒకసారి పోయి వచ్చింది, రెండోసారి పోబోయి ఆగింది.

తెలుగువాళ్లం ఇక్కడ గుర్తుచేసుకోవాల్సిన ఏడాది ఒకటుంది. బెజవాడలో పుట్టి, కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతిగా నడక మొదలుపెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. సంఘం పెట్టుకోవడం నేరం కాదని, దాన్ని రిజిస్టరు చేసుకోవచ్చని చెప్పిన ట్రేడ్ యూనియన్ల చట్టమూ 1926లోనే వచ్చింది. రెండింటికీ నూరేళ్లు. విశ్వవిద్యాలయాల శతాబ్ది ఉత్సవాల్లో పూర్వ వీసీల చిత్రపటాలు పెడతాం, పెట్టాలి కూడా. ఆ నూరేళ్లూ గేటు తాళాలు తీసినవాళ్ల లెక్క ఏ ప్రత్యేక సంచికలోనూ కనపడదు. నాకు దాని మీద బాధ ఉంది, దాచుకోను.

ఆ 1926 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. మిగతా మూడు కార్మిక కోడ్‌లూ దాంతోపాటే వచ్చాయి. వీటిలో సిబ్బందికి పనికొచ్చేది లేకపోలేదు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన చిన్నదేం కాదు. పద్నాలుగేళ్లు ఊడ్చిన ఆమె కవర్లో అన్ని కాగితాలున్నాయి, నియామక పత్రం ఒక్కటే లేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే ఇవ్వాలన్న సూత్రమూ కొత్త చట్టంలో కొనసాగింది. కానీ ఈ కాంట్రాక్టు నిబంధనలు వర్తించే హద్దు ఇరవై మంది నుంచి యాభై మందికి పెరిగింది. ఇరవై, ముప్పై మందితో వేర్వేరు చిన్న కాంట్రాక్టులుగా పని ముక్కలు చేస్తే ఎంతమంది బయటపడతారో ఊహించుకోవచ్చు.

ఇంకో సంగతి మరీ దగ్గరిది. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని ఈ నాలుగు కోడ్‌లలో ఒకటి అంటుంది. అయితే పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, తోటపని, హౌస్‌కీపింగ్ వంటివి మామూలుగా ప్రధానం కావని ఒక జాబితా ఇచ్చింది. ఆ జాబితాకు మూలం మన దగ్గరే ఉంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు కార్మికుల చట్టానికి చేసిన సవరణలో ఇంచుమించు ఇదే జాబితా ఉంది. ఇరవై ఏళ్లు దాటాక అది దేశమంతటా అమల్లోకి వచ్చింది. అన్నం వండనిదే హాస్టల్ లేదు, హాస్టల్ లేనిదే పల్లెటూరి పిల్లకు విశ్వవిద్యాలయం లేదు. ఆ వంట ప్రధానం కాదని రాసుకున్న జాబితా ఇది. చట్టం మారే దాకా దీంతోనే బతకాలి కాబట్టి, చట్టం పక్కకు నెట్టిన ఈ పనుల్లో ఉన్నవాళ్లకే సంఘం అందరికన్నా ఎక్కువ అవసరం.

సరే, సంఘాలు లేవా? ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లో పాత విశ్వవిద్యాలయాలన్నింటిలో బోధనేతర ఉద్యోగుల సంఘాలున్నాయి. వేతన సవరణలు విశ్వవిద్యాలయాలకూ వర్తింపజేయడం, పదోన్నతులు, కారుణ్య నియామకాలు, పింఛన్ల బకాయిలు, ఇలా అవి పోరాడి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. ఆ తరం నాయకుల మీద నాకు గౌరవముంది. కానీ ఆ సంఘాల్లో చాలావాటి తలుపు పర్మినెంట్ వాళ్లకే తెరుచుకుంటుంది. అవుట్‌సోర్సింగ్ వాళ్లు వేరుగా జేఏసీ పెట్టుకుంటారు, ఎన్ఎంఆర్‌లు ఇంకోటి, టైమ్ స్కేల్ వాళ్లు మరోటి. ఒక్కొక్క జేఏసీ విడివిడిగా వెళ్లి అదే వీసీకి విడివిడిగా వినతిపత్రం ఇస్తుంది.

ఇందులో పర్మినెంట్ ఉద్యోగుల స్వార్థం ఉందనుకున్నా, అది తప్పు లెక్క మీద కట్టుకున్న స్వార్థం. ఏటా రిటైర్‌మెంట్లు ఉన్నాయి, నియామకాలు లేవు. ఒకప్పుడు వెయ్యి మంది ఉన్న సంఘం వందల్లోకి వస్తుంది, తరవాత పదుల్లోకి. పింఛను ఆలస్యమైనప్పుడు ధర్నాకు కూర్చునే సంఖ్య ఉండదు. రేపటి సభ్యులు ఎక్కడున్నారని చూస్తే, పక్క బల్ల దగ్గరే ఉన్నారు, ఏజెన్సీ గుర్తింపుకార్డు మెడలో వేసుకుని. వాళ్లను లోపలికి రానివ్వని సంఘం రిటైర్‌మెంట్లతోనే ముగిసిపోతుంది.

చట్టం అడ్డు వస్తుందని కొందరు నాయకులు నాతో అన్నారు. 1926 చట్టంలో గానీ కొత్త కోడ్‌లో గానీ సభ్యత్వానికి పెట్టిన షరతు, ఆ సంఘానికి సంబంధించిన పరిశ్రమలో నిజంగా పనిచేస్తూ ఉండటం. జీతం చెక్కు మీద ఎవరి సంతకం ఉందన్నది సభ్యత్వానికి కొలత కాదు. అడ్డున్నది సంఘం సొంత నియమావళిలో, తామే మార్చుకోగలిగిన ఒక వాక్యంలో. ఒక చిక్కు మాత్రం నిజమే. ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలున్నప్పుడు, మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘం ఉంటే దానికే సంప్రదింపుల హక్కు అని కొత్త కోడ్ అంటోంది. ఏజెన్సీ వాళ్లు విశ్వవిద్యాలయం మస్టర్‌లో లెక్కకు వస్తారా అన్న వాదన తప్పక లేస్తుంది. అలాంటప్పుడు మస్టర్‌లో ఉన్న పర్మినెంట్ వాళ్లే ముందు నిలబడి, లేనివాళ్ల తరఫున కూడా మాట్లాడాలి. విడివిడి జేఏసీలతో అది కుదరదు.

ఇది సాధ్యమేనా అంటే, అయిన చోటు ఒకటి చెబుతాను. లండన్‌లో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ ఉంది, అందరూ సోయాస్ అంటారు. అక్కడ శుభ్రం చేసే పని కంపెనీలకు కాంట్రాక్టుగా ఇచ్చారు. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవాళ్లు. అక్కడి ఆఫీసు సిబ్బంది ఉన్న యునిసన్ అనే యూనియన్‌లోనే వాళ్లూ చేరారు. విద్యార్థులూ అధ్యాపకులూ వాళ్ల వెంట నడిచారు. 2009 జూన్‌లో ఒక పొద్దున మీటింగ్ ఉందని ఆ శుభ్రం చేసేవాళ్లను పిలిపించి, ఇమిగ్రేషన్ అధికారులతో పట్టించారు, కొందరిని దేశం నుంచి పంపించేశారు. ఆ దెబ్బకు ఉద్యమం ఆగిపోతుందనుకున్నవాళ్లున్నారు. ఆగలేదు. జబ్బు చేస్తే జీతం, సెలవులు, పింఛను మిగతా ఉద్యోగులతో సమానంగా ఉండాలని పదేళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు. 2017 ఆగస్టులో సంస్థ ఒప్పుకుంది. మరుసటి ఏడాది వాళ్లు సోయాస్ సొంత ఉద్యోగులయ్యారు. గుమాస్తా, స్వీపరు ఒకే సంఘంలో ఉన్నారు కాబట్టి అన్నేళ్లు నిలబడగలిగారని నేననుకుంటాను.

యూనియన్ వస్తే సంస్థ ప్రతిష్ఠ దెబ్బతింటుందన్న మాట అధికారులు తరచూ అంటారు. హార్వర్డ్‌లోనూ అన్నారు. అక్కడి గుమాస్తాలు, ల్యాబ్ సిబ్బంది, ఎక్కువమంది మహిళలు, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1988 మే నెలలో ఓటింగ్ దాకా తెచ్చుకున్నారు. కేవలం 44 ఓట్ల తేడాతో గెలిచారు. అప్పటి అధ్యక్షుడు డెరెక్ బాక్ స్వయంగా కార్మిక చట్టాల పండితుడు, అయినా యూనియన్ వద్దనే చెప్పారు. ఆ యూనియన్ వచ్చి మూడున్నర దశాబ్దాలు దాటింది. హార్వర్డ్ ప్రతిష్ఠకు ఏమీ కాలేదు.

ఇక సంఘాల మీద ఉన్న ఫిర్యాదులను దాటవేయడం నాకు ఇష్టం లేదు. పార్టీల నీడలో నడిచే సంఘాలున్నాయి. సభ్యుల సమస్య కంటే వీసీ గదిలో తన కుర్చీ ముఖ్యమనుకునే నాయకుడున్నాడు. పర్మినెంట్ చేయిస్తామని చెప్పి పేదవాళ్ల దగ్గర వేలు వసూలు చేసినవాళ్ల గురించి విన్నాను, అంతకంటే నీచం నాకు తెలీదు. ఈ చివరి మోసం ఎందుకు నడుస్తుందంటే, సంఘం ఏం చేయగలదో ఏం చేయలేదో సభ్యులకు తెలియకపోవడం వల్ల. క్రమబద్ధీకరణ సంఘం జేబులో ఉండదు. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ దారిని చాలా ఇరుకు చేసింది. అయితే అది పూర్తిగా మూసుకుపోలేదు. తాత్కాలిక ఉద్యోగులకైనా సమాన పనికి సమాన వేతనం ఉండాలని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో, పార్ట్‌టైమ్ పేరుతో ఏళ్ల తరబడి శుభ్రం చేసే పని చేయించుకున్నవాళ్లను క్రమబద్ధీకరించమంది. శాశ్వతంగా అవసరమైన పనిని తాత్కాలికం అనే పేరు పెట్టి నడపడానికి ఉమాదేవి తీర్పును ఆయుధం చేసుకోవద్దని ప్రభుత్వ సంస్థలకు గట్టిగా చెప్పింది. ఈ తీర్పులు ఎవరికి ఉపయోగపడతాయి? ఎప్పుడు చేరాడు, ఏ పని చేశాడు, ఎన్ని రోజులు చేశాడు అని కాగితం మీద చూపించగలిగినవాళ్లకు. పదిహేనేళ్ల హాజరు పట్టీల నకళ్లు స్వీపరు గుడిసెలో దాచుకోలేదు. సంఘం బీరువాలో దాచవచ్చు.

అందుకే మంచి సంఘాన్ని గుర్తుపట్టడానికి సభ్యులు చూడాల్సింది ఉపన్యాసాలను కాదు. వసూలైన చందాకు రసీదు ఇస్తోందా, ఏటా జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదువుతోందా, ఎన్నికలు గడువుకు జరుపుతోందా, ఆడవాళ్లు కమిటీలో ఉన్నారా. ఈ చివరిదాన్ని కాస్త ఒత్తి చెబుతాను. హాస్టళ్లు ఊడ్చేవాళ్లలో, మెస్సుల్లో కూరగాయలు తరిగేవాళ్లలో అధికులు ఆడవాళ్లు. సూపర్‌వైజరు నోటి దురుసు గురించి, బట్టలు మార్చుకోవడానికి గది లేకపోవడం గురించి మగ కార్యదర్శికి చెప్పుకోలేరు. చెప్పుకోగలిగిన మనిషి కమిటీలో ఉన్నప్పుడే ఆ సభ్యత్వానికి అర్థం.

విద్యార్థులకూ ఇందులో బాధ్యత ఉంది. 1949లో ఢాకా విశ్వవిద్యాలయంలో నాలుగో తరగతి ఉద్యోగులు తమ కోరికల కోసం ఆందోళన చేశారు. వాళ్లకు మద్దతు పలికిన విద్యార్థులను విశ్వవిద్యాలయం శిక్షించింది. వాళ్లలో న్యాయశాస్త్రం చదివే ఒక కుర్రాడు జరిమానా కట్టి ఇక ఇలా చేయనని రాసివ్వడానికి ఒప్పుకోలేదు. బహిష్కరించారు. ఆయన పేరు షేక్ ముజీబుర్ రెహమాన్. ఆయన చదువు అక్కడితో ఆగిపోయింది, తరవాత ఒక దేశానికే నాయకుడయ్యాడు. ఆ బహిష్కరణను విశ్వవిద్యాలయం 2010లో రద్దు చేసుకుంది, అరవై ఒక్క ఏళ్లకు. మా తరం హాస్టల్ పిల్లలం అటెండర్ల కోసం అంత దూరం వెళ్లలేదు. మేం చేసింది పళ్లెం తిప్పడం. ప్రేమతోనే చేశాం, నిజమే. కానీ ఆ రాత్రి మాలో ఒక్కరైనా మెస్ బిల్లు తీసుకుని రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి, ఈ ఎస్టాబ్లిష్‌మెంట్ చార్జీల్లో ఈఎస్ఐ వాటా ఎక్కడుందని అడిగి ఉంటే, ఆయన ఆరు వారాల జీతం పోయేది కాదు, మాకు దండం పెట్టాల్సిన పనీ ఉండేది కాదు.

వేపచెట్టు కింద ఆ సాయంత్రం కాగితాలు సర్దుకున్నాక ఆమె కొంగుముడి విప్పి యాభై రూపాయల నోటు తీసింది. "మీ సంఘంలో నన్నూ రాసుకోండన్నా" అంది. ఆయన తన సంచిలోంచి రసీదు పుస్తకం సగం తీసి ఆగిపోయాడు. వాళ్ల నియమావళిలో సభ్యత్వం విశ్వవిద్యాలయం రోల్స్ మీద ఉన్నవాళ్లకే. నోటు ఆమె చేతిలోనే పెట్టి, "ఇప్పుడే వద్దమ్మా. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ లైను మార్పించాలని తీర్మానం పెడుతున్నా. మారినాక నీకే మొదటి రసీదు కోస్తా" అన్నాడు. తరవాత తన నోటుబుక్కు చివరి పేజీ తిప్పి ఆమె పేరు రాసుకున్నాడు. ఆధార్‌లో ఉన్నట్టే, చివర "అమ్మ"తో సహా. ఆ పేజీలో అంతకుముందే నలభైకి పైగా పేర్లున్నాయి.